కోటు గుండీ

తాళం తిప్పితె దీపాలన్నీ ఎలిగినయ్.
హారన్ మోగింది. రేడియోల ఎవడో పకపక నవ్విండు.
ఇంజన్ మాత్రం ఉలకలె, పలకలె.

చిలకలగూడల పైకెక్కే గల్లీ, సగం ఎత్తుల నేను.
చెత్తబండికి జాగిద్దామని ఆపిన, అంతే, బందైంది.
ఎనక సీట్ల పదకొండు జాకెట్లు, పెండ్లిపిల్లదాంతో కలిపి.
బోడుప్పల్ల ముహూర్తం తొమ్మిదీ నలభైకి.
నా ఎనక నీళ్ల ట్యాంకరు,
దాని ఎనక ఆటోలు,
వాటి ఎనక సికింద్రాబాదంతా నిలబడి మొత్తుకుంటున్నట్టుంది.

బ్యాటరీ, అన్నడు పాలప్యాకెట్ల పిలగాడు.
సెల్ఫ్ మోటర్, అన్నడు మేడ మీద పండ్లు తోముకునేటాయన, నురగతోని.
ఇంకొకాయన ఏమన్నడో సగమే ఇనబడ్డది.
ఆ సగంల 'ఆడోళ్లకు' అనే మాటుంది.

నలభై నాలుగేండ్లకు నేర్చుకున్న నేను.
పరేడ్ గ్రౌండ్ పక్కపొంటి, చీకటి ఇంకా పోకముందె,
నర్సింగరావు సారు పక్కన కూసొని
మెల్లగ ఇడువమ్మ, మెల్లగ, అంటుంటె
కప్పలెక్క ఎగిరి ఎగిరి ఆగేది బండి.
పదిరోజులు గట్లనే.
పదకొండో రోజు చెప్పులిడిచి కూసున్న.
ఉత్త పాదం పెడితె అప్పుడు ఎర్కైంది:
గిది మిషను తొక్కే కాలే గద!
సూది బట్టను తాకుతది, ఇంకా గుచ్చదు సూడుండ్రి,
ఆ జాగలనే ఉంటది హాఫ్ క్లచ్.
ఇర్వై రెండేండ్ల సంది నా కాలికి తెల్సిన జాగ.
సారుకు చెప్పలె. ఆయన తన గొప్పే అనుకున్నడు.

వారాసిగూడ నుంచి సిరాజ్ వచ్చిండు, టార్చి నోట్ల పెట్టుకొని.
సీటు కింద తలకాయ, రోడ్డు మీద కాళ్లు.
లోపట్నుంచె అడిగిండు:
"అక్కా, నీలం ముక్కలేమన్న పడ్డయా మ్యాటు మీద?"
పడ్డయి. వారం సంది పడుతనే ఉన్నయి.
జాకెట్ల మీద గీసే సుద్దముక్కలనుకొని
రోజూ దులిపి పారేసిన.

"ఇంజన్ మంచిగనే ఉంది.
క్లచ్ అడుగుదాంక తొక్కితె, ఈడ గింత రబ్బరు బిళ్ల
పోయి స్విచ్చిని ఒత్తుతది. అది పొడిపొడైంది.
నువ్వు తొక్కుతనే ఉన్నవక్కా,
తొక్కుతున్నవని బండికి ఎర్కైతలేదు, గంతే."

గంతే అన్నడు.
నేను స్టీరింగు పట్టుకొని కొద్దిసేపు ఊకున్న.

రాణిగంజ్ల దొరుకుతదట, ఇర్వై రూపాలు.
దుకాణం తెరిచేది పదకొండింటికి.

నా గుండీల డబ్బా తీసిన.
హుక్కులు, పూసలు, ముత్యాలసొంటియి,
అడుగున నల్లది, నాలుగు బొక్కలది, బలమైంది,
వకీలు దామోదరయ్య మూడేండ్ల కింద కుట్టనిచ్చి
మళ్ల మొఖం సూపియ్యని కోటుది.
మైనం రాసిన దారం నాలుగు పోగులు ఏసి
నేను సుత బోర్ల పడుకొని
క్లచ్ పెడలుకు గుండీ కుట్టిన.
సిరాజ్ టార్చి పట్టిండు. ముడేసి పండ్లతోని దారం తెంపిన,
నోట్లె గ్రీజు వాసన పడ్డది.

తిప్పిన.
ఒక్క దగ్గు దగ్గి అందుకున్నది.

ట్యాంకరు నా బంపరుకు జానెడు దూరం.
హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి, చెప్పులు పక్కకు.
బట్టను తాకి, ఇంకా గుచ్చని జాగ కాడ
పాదం ఆగింది.
బండి జర వణికింది.
ఒక్క ఇంచు సుత ఎనకకు జారలె.
మేడ మీదాయన పుక్కిలిచ్చుడు మర్సిపోయిండు.

పెండ్లైంది. ఒక జాకెట్టు సంకల బిగుతైందట, పైసలు తగ్గిచ్చిండ్రు.
రాణిగంజ్ బిళ్ల మూన్నెల్ల సంది
డ్యాష్ బోర్డుల ప్యాకెట్టు ఇప్పకుంటనే ఉంది.

నిన్న వకీలు సాబొచ్చిండు, కోటు కోసం,
ఏం జర్గనట్టు.
ఏసుకొని అద్దంల సూసుకున్నడు,
పైనుంచి కిందికి ఏలితోని లెక్కపెట్టిండు.
"ఏమమ్మా, ఒకటి తక్కువుంది?"

జర కూసోండ్రి సార్, అన్న.
కత్తెర పట్టుకొని
కారు దాంక పోయొస్త.